టీవీలో చూసిన పుష్కరం... డిస్కులో దక్కేదెలా?

ఇంటి రికార్డింగుకు అడుగడుగునా సాంకేతిక తాళాలు
చట్టం కాదనకున్నా తెరుచుకోని పెట్టెలు

పట్టిసీమ: గోదావరి నడిమధ్య దేవకూట పర్వతంపై కొలువైన వీరభద్రేశ్వరుని దర్శనానికి ఏటా మహాశివరాత్రి నాడు పట్టిసీమ రేవు జనసంద్రమవుతుంది. పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే పుష్కరాల్లో ఆ సందడి పన్నెండు రోజులపాటు సాగుతుంది. ఆ రోజుల్లో టీవీ ఛానళ్లు నదీతీరం వెంట కెమెరాలు నిలిపి ప్రత్యక్ష ప్రసారాలు చేస్తాయి. పడవ దిగుతున్న నాయనమ్మో, పిండప్రదానం చేస్తున్న పెదనాన్నో క్షణకాలం తెరపై కనిపిస్తే ఆ ఇంటివారికి అది పదిలంగా దాచుకోదగిన దృశ్యం. ఆ మనిషి కాలం చేశాక దాని విలువ మరీ పెరుగుతుంది.

అటువంటి దృశ్యాన్ని రికార్డు చేసి డిస్కులో భద్రపరచుకోవడం 2003 పుష్కరాల్లో తేలిక. 2015 నాటికి కొన్ని ఇళ్లలో సాధ్యమైంది, కొన్ని ఇళ్లలో కాలేదు. 2027 పుష్కరాల విషయానికి వస్తే, తెర ఎంత పెద్దదైనా ఆ దృశ్యాన్ని సొంతం చేసుకునే వీలు వీక్షకులకు బాగా తగ్గిపోయింది. ప్రసారాలకు, పరికరాలకు, డిస్కులకు ఒకదాని తర్వాత ఒకటిగా పడిన ‘కాపీ రక్షణ’ తాళాలే ఇందుకు కారణం. విచిత్రమేమిటంటే, సొంతానికి రికార్డు చేసుకోవడాన్ని మన చట్టం తప్పుపట్టడం లేదు.

మూడు పుష్కరాలు... మూడు కాలాలు

2003 జులై 30 నుంచి ఆగస్టు 10 వరకు గోదావరి పుష్కరాలు జరిగాయి. అప్పట్లో కేబుల్ ప్రసారాలన్నీ అనలాగ్ పద్ధతిలోనే ఇళ్లకు చేరేవి. ఆపరేటర్ వద్ద నుంచి వచ్చిన నల్లని తీగను నేరుగా టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చేది. అదే తీగను వీసీఆర్‌కు గానీ, కంప్యూటర్‌లోని టీవీ ట్యూనర్ కార్డుకు గానీ తగిలిస్తే రికార్డయ్యేది. మధ్యలో అనుమతి అడిగే యంత్రమేదీ లేదు. టేపును పెళ్లి వీడియోలు తీసే స్టూడియోకు ఇస్తే వీసీడీగా మార్చి ఇచ్చేవారు. ఒక్కో వీసీడీలో గంటా పావుకు కాస్త అటూఇటూగా దృశ్యం పట్టేది. తర్వాత వచ్చిన డీవీడీలో 4.7 గిగాబైట్ల చోటు ఉండటంతో మంచి నాణ్యతతో రెండు గంటల వరకు నిలిచేది.

2015 జులై 14 నుంచి 25 వరకు జరిగిన పుష్కరాల సమయానికి పరిస్థితి సగం మారింది. కేబుల్ ప్రసారాలను డిజిటల్‌కు మార్చే ప్రక్రియ రెండో దశలో 2013లోనే హైదరాబాద్, విశాఖపట్నం నగరాలకు వచ్చింది. రాజమండ్రి వంటి పట్టణాలకు 2015 డిసెంబరు 31ని, పల్లెలకు తొలుత 2016 డిసెంబరు 31ని, ఆపై 2017 మార్చి 31ని గడువుగా నిర్ణయించారు. అంటే ఆ పుష్కరాల నాడు ఒకే వీధిలో ఒక ఇంట్లో పాత కేబుల్, పక్క ఇంట్లో డిష్ ఉన్న రోజులవి. పాత కేబుల్ ఇంట్లో రికార్డింగు మునుపటిలాగే సాగింది. డిష్ ఉన్న ఇంట్లో మాత్రం అన్నీ పెట్టె దయ మీదే ఆధారపడ్డాయి.

డిజిటల్ ప్రసారంలో కార్యక్రమాన్ని ముందుగానే గజిబిజి సంకేతాలుగా మార్చి పంపుతారు. చందా కట్టినవారి సెట్‌టాప్ బాక్సులో ఉండే కార్డు లేదా చిప్ మాత్రమే దానిని తిరిగి బొమ్మగా మార్చగలదు. చందా కట్టనివారు చూడకుండా ఉండేందుకు పుట్టిన ఏర్పాటు ఇది. చందా కట్టినవారిని సైతం దాచుకోనివ్వకపోవడం దాని వెంట వచ్చిన రెండో ఫలితం. ఛానల్ తీగలో వచ్చినా, ఆకాశం నుంచి దిగినా, పెట్టె దాటి బయటకు వచ్చేది పెట్టె ఇవ్వదలచుకున్నంతే.

వీసీఆర్‌ను తికమకపెట్టిన తాళం

తాళాల కథ టీవీతో కాక, దుకాణంలో అమ్మే సినిమా క్యాసెట్లతో మొదలైంది. 1985లో ‘ది కాటన్ క్లబ్’ అనే హాలీవుడ్ చిత్రం క్యాసెట్‌పై తొలిసారిగా మాక్రోవిజన్ అనే రక్షణను ప్రయోగించారు. దాని పనితీరు సరదాగా ఉంటుంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఒక్కో చిత్రానికి 625 గీతలు. అందులో కొన్ని తెరపై కనిపించవు. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ నడుమ విరామంగా ఉండే గీతలవి. వెలుగు ఎంత ఉందో తెలుసుకుని రికార్డింగు స్థాయిని సర్దుకునేందుకు వీసీఆర్ ఆ విరామంలో వచ్చే సంకేతాన్నే కొలుస్తుంది. మాక్రోవిజన్ సరిగ్గా అక్కడే తీవ్రమైన మెరుపులను చొప్పించేది. బొమ్మ మరీ ప్రకాశంగా ఉందని భ్రమపడిన వీసీఆర్ స్థాయిని తగ్గించేది. మరుక్షణం పెంచేది. కాపీ చేసిన క్యాసెట్‌లో బొమ్మ చీకటిపడుతూ, తెల్లబడుతూ ఊగిసలాడేది. టీవీకి మాత్రం ఆ గీతలతో పని లేదు కనుక అసలు క్యాసెట్ చక్కగానే కనిపించేది.

డిస్కుపై రికార్డు చేసే డీవీడీ రికార్డర్లు ఈ మెరుపులకు మోసపోవు. అయినా అవి మాక్రోవిజన్‌ను గుర్తించగానే రికార్డింగును నిరాకరించేలా తయారయ్యాయి. దానికి తోడు సీజీఎంఎస్ అనే మరో గుర్తు వచ్చింది. ప్రసారంలో దాగిన రెండంటే రెండు అంకెలు అవి. వాటి కలయికను బట్టి ‘యథేచ్ఛగా కాపీ చేసుకోవచ్చు’, ‘ఒక్కసారే’, ‘ఇక చాలు’, ‘ఎన్నడూ కూడదు’ అనే నాలుగు ఆజ్ఞలు రికార్డరుకు అందుతాయి. పురోహితుని సంజ్ఞ కోసం వేచి ఉండే మేళగాడిలా యంత్రం వాటిని పాటిస్తుంది.

‘ఒక్కసారే’ అనే ఆజ్ఞను జపాన్ అక్షరాలా అమలు చేసింది. 2004 ఏప్రిల్ నుంచి అక్కడి డిజిటల్ ప్రసారాలను ఒక్క కాపీకే పరిమితం చేశారు. రికార్డు చేసే ప్రతి డిస్కుకు తయారీలోనే ఒక ప్రత్యేక సంఖ్యను ముద్రించి, కార్యక్రమాన్ని ఆ సంఖ్యతో ముడివేసి తాళం వేస్తారు. ఆ డిస్కు నుంచి మరో డిస్కుకు మార్చితే సంఖ్య కలవదు, బొమ్మ రాదు. వీక్షకుల అసంతృప్తి తర్వాత 2008 జులైలో పది కాపీల వరకు సడలింపు ఇచ్చారు. అమెరికాలోనూ ప్రసారాలకు ఇటువంటి గుర్తును తప్పనిసరి చేస్తూ అక్కడి సమాచార కమిషన్ 2003 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. గ్రంథాలయాల సంఘం న్యాయస్థానానికి వెళ్లగా 2005 మేలో అవి రద్దయ్యాయి. మన దేశంలో ప్రసారాలకు ఇటువంటి గుర్తు ఉండి తీరాలన్న శాసనం రాలేదు. ఇక్కడి తాళాలన్నీ పరికరాలతో పాటు వచ్చి చేరినవే.

నిజానికి తాళం కంటే గట్టిగా పనిచేసిన మందు ధర. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టినప్పుడు, దొంగ కాపీ కొనేవారు సైతం అసలు డిస్కు వైపు చూశారు. ఆ సంస్థ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది.

ఆడని డిస్కులన్నీ తాళం వేసినవి కావు

ఇంట్లో రికార్డు చేసిన డిస్కు మరో ప్లేయరులో పెడితే ఆడకపోవడం చాలామందికి అనుభవమే. వెంటనే ‘కాపీ ప్రొటెక్షన్’ అనే మాట వినిపిస్తుంది. అయితే చాలా సందర్భాల్లో అసలు కారణం వేరు. రికార్డింగు పూర్తయ్యాక డిస్కును ‘ఫైనలైజ్’ చేయాలి. పుస్తకానికి చివర విషయసూచిక రాసి కుట్టు వేయడం వంటిది ఇది. అది చేయని డిస్కును రికార్డు చేసిన యంత్రం తప్ప మరొకటి చదవలేకపోవచ్చు. పాత రికార్డరు ఇంకా పనిచేస్తుంటే, అందులో ఆ డిస్కును పెట్టి మెనూలో ఫైనలైజ్ ఎంచుకుంటే సమస్య తీరుతుంది. రికార్డరు పాడైపోయిందా, కంప్యూటర్‌పై నడిచే డిస్కు పునరుద్ధరణ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించవచ్చు. పాత ఎలక్ట్రానిక్స్‌ను తూకానికి అమ్మేముందు ఈ సంగతి చూసుకోవడం మేలు.

అమెరికాలోని పిల్లలకు పంపిన డిస్కుల విషయంలోనూ ఇదే అపోహ. కొన్న సినిమా డీవీడీలకు ప్రాంతీయ సంకేతం ఉంటుంది. మన దేశానిది 5, అమెరికాది 1. ఇంట్లో రికార్డు చేసిన డిస్కుకు ఆ సంకేతం ఉండదు. అక్కడి ప్లేయరు తిరస్కరించడానికి కారణం మన పాల్ పద్ధతికీ, అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతికీ మధ్య ఉన్న తేడా. అదే డిస్కును డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో పెడితే చాలావరకు ఏ చిక్కూ లేకుండా ఆడుతుంది.

పెట్టె మారితే రికార్డింగు గల్లంతు

డిస్కుల స్థానాన్ని ఇప్పుడు పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్కు ఆక్రమించాయి. అనేక సెట్‌టాప్ బాక్సులకు, స్మార్ట్ టీవీలకు రికార్డింగు సదుపాయం ఉంటుంది. పెన్‌డ్రైవ్ తగిలించి ఎర్ర మీట నొక్కితే కార్యక్రమం రికార్డవుతుంది. దానిని తిరిగి చూడవచ్చు కూడా. దీంతో అది తమ చేతిలో ఉందని ఇంటిల్లిపాదీ భావిస్తారు. కానీ చాలా పరికరాల్లో ఆ రికార్డింగు ఆ ఒక్క పెట్టెకు, లేదా ఆ ఒక్క టీవీకి మాత్రమే తెలిసిన తాళంచెవితో మూసి ఉంటుంది. పెట్టె చెడిపోయి కొత్తది తెచ్చుకున్నా, కంపెనీ మారినా, టీవీలో ప్రధాన బోర్డు మార్చినా పాత రికార్డింగులు తెరుచుకోవు. కొన్ని పెట్టెల్లో చందా ఆగిపోయినా అంతే.

ఇక్కడ మరో ప్రమాదం పొంచి ఉంది. కొన్ని పెట్టెలు డ్రైవ్‌ను తమకు అనువైన పద్ధతిలో సిద్ధం చేసుకుంటాయి. విండోస్ కంప్యూటర్‌కు ఆ పద్ధతి తెలియదు. డ్రైవ్‌ను అందులో పెట్టగానే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. తెలియక ‘సరే’ నొక్కితే లోపలున్నవన్నీ చేజారినట్లే. ఆ ప్రశ్నకు ఎప్పుడూ ‘వద్దు’ అనే చెప్పాలి.

పెట్టె నుంచి టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ తీగలోనూ హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది. ఇంటెల్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో పెట్టె, టీవీ ముందుగా రహస్య సంకేతాలు మార్చుకుని ఒకదానినొకటి గుర్తుపట్టాకే బొమ్మ ప్రవహిస్తుంది. నడుమ రికార్డరు తగిలితే తెర నల్లబడుతుంది. 2010 సెప్టెంబరులో ఈ పద్ధతి మూల సంకేతమే బయటపడింది. తాళం రహస్యం లోకానికి తెలిసినా, సామాన్యుని ఇంట్లో అది తాళంగానే కొనసాగుతోంది. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత ఏవీ తీగ ఉన్న పెట్టెల్లో మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. ఆ దారిలో వచ్చే అనలాగ్ బొమ్మను, కాపీ గుర్తు లేని పక్షంలో, రికార్డరు స్వీకరిస్తుంది. నాణ్యత కాస్త తగ్గుతుందంతే.

2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలై, తర్వాత ఫ్రీ డిష్‌గా పేరు మారిన దూరదర్శన్ ఉచిత డిష్ సేవ ఇందుకు మినహాయింపు. అందులోని దూరదర్శన్ ఛానళ్లు చాలావరకు సంకేతాల ముసుగు లేకుండానే వస్తాయి. మార్కెట్లో దొరికే అనేక ఫ్రీ డిష్ పెట్టెలు వాటిని కంప్యూటర్‌లోనూ తెరుచుకునే మామూలు ఫైళ్లుగానే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాయి. నెలనెలా చందా కట్టే ఇంటికి లేని వీలు, ఒక్కసారి డిష్ కొనుక్కున్న ఇంటికి ఉండటం గమనార్హం.

చట్టం ఏం చెబుతోంది?

ఇంట్లో టీవీ కార్యక్రమాన్ని రికార్డు చేయడం నేరమా అన్న ప్రశ్న తొలుత అమెరికాలో తేలింది. బీటామ్యాక్స్ రికార్డరు తయారుచేసిన సోనీపై యూనివర్సల్ స్టూడియో వేసిన దావాలో, తీరిక దొరికినప్పుడు చూసుకునేందుకు రికార్డు చేసుకోవడం న్యాయసమ్మతమేనని 1984 జనవరి 17న అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు 5-4 తేడాతో వెలువడింది. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గితే వీసీఆర్ల చరిత్రే వేరుగా ఉండేది.

మన 1957 కాపీరైట్ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 37వ సెక్షన్ కింద ప్రసార సంస్థకు తన ప్రసారంపై 25 ఏళ్ల హక్కు లభిస్తుంది. ప్రసారమైన మరుసటి క్యాలెండర్ సంవత్సరం మొదటి నుంచి దీనిని లెక్కిస్తారు. 2003 పుష్కరాల ప్రసారాలపై ఆ హక్కు 2028 చివరి వరకు ఉంటుందన్నమాట. అయితే రికార్డు చేసుకునే వ్యక్తి తన సొంత వినియోగానికి చేసుకునే ధ్వని, దృశ్య రికార్డింగు ఆ హక్కును ఉల్లంఘించినట్లు కాదని 39వ సెక్షన్ చెబుతోంది. బోధన, పరిశోధన కోసం చేసుకునే వాటికీ ఇదే వెసులుబాటు. ప్రసారంలో వచ్చే సినిమాల వంటి రచనల వ్యక్తిగత వినియోగం 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది.

సొంత వినియోగం అన్న మాటే ఇక్కడ కీలకం. రికార్డు చేసిన సినిమాను ఇంట్లో బంధువులతో చూడటం వేరు, పాపికొండల విహారానికి టిక్కెట్టు తీసుకుని ఎక్కించుకున్న లాంచీలో ప్రదర్శించడం వేరు. లాడ్జిలో వేసినా, కాపీలు తీసి అమ్మినా, యూట్యూబ్‌లో పెట్టినా ఈ రక్షణ వర్తించదు. కాపీరైటును తెలిసీ ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రం విడుదలకు ముందే డిస్కులకెక్కి కృష్ణా జిల్లా పెడనలో వెలుగుచూసిన ఉదంతం తెలిసిందే. శివరాత్రి వేడుకను దాచుకునే గృహస్థునికీ, ఆ తరహా వ్యాపారానికీ పోలిక లేదు. తాళం మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కడుతోంది.

తాళం తీయడం సంగతేమిటి? 2012లో చట్టానికి చేసిన సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. ‘ఉల్లంఘించే ఉద్దేశంతో’ అన్న షరతు ముఖ్యమైనది. చట్టం నిషేధించని పని కోసం చేస్తే ఈ సెక్షన్ అడ్డురాదని అందులోనే రాశారు. అయితే ఇతరుల కోసం ఆ పని చేసిపెట్టేవారు, చేయించుకున్న వ్యక్తి పేరు, చిరునామా, వివరాలు, ప్రయోజనం పూర్తిగా రాసి ఉంచాలి. పోలవరంలోనో, కొవ్వూరులోనో డిస్కులు, డ్రైవ్‌లు బాగుచేసే దుకాణదారులు తెలుసుకోవలసిన నిబంధన ఇది. తాళం తీయడాన్ని షరతులతో అనుమతించిన చట్టం, తాళంచెవి ఇవ్వాలని మాత్రం ఏ తయారీదారునూ ఆదేశించలేదు. అసలు లోపం ఇక్కడే ఉంది. హక్కు కాగితంపై ఉన్నా వాడుకునే మార్గం లేదు.

ఇళ్లలోని టేపులే ఆధారమైన వేళ

ప్రసార సంస్థలే అన్నింటినీ భద్రపరుస్తాయిలే అనుకోవడానికి వీల్లేదు. 1960లలో బ్రిటన్‌లోని బీబీసీ తన ‘డాక్టర్ హూ’ ధారావాహిక టేపులెన్నింటినో చెరిపివేసింది. అలా పోయిన భాగాల ధ్వని నేటికీ నిలిచి ఉందంటే, నాడు టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టుకున్న ప్రేక్షకులే కారణం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే మహిళ దశాబ్దాలపాటు, 2012లో మరణించే వరకు, వార్తా ఛానళ్లను ఇంట్లో అనేక వీసీఆర్లపై రాత్రింబవళ్లు రికార్డు చేశారు. ఆమె వదిలివెళ్లిన సుమారు 70 వేల టేపులు ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థకు చేరాయి. ఆనాటి ప్రసారాలకు తాళం ఉంటే ఈ రెండూ సాధ్యమయ్యేవి కావు. ‘యూట్యూబ్‌లో ఉంటుందిలే’ అన్న ధీమా కూడా అంతంతమాత్రమే. ఎక్కించినవారు ఎప్పుడైనా తీసివేయవచ్చు.

పాత డిస్కులకు గడువు దగ్గరపడింది

2003 నుంచి 2015 వరకు అనలాగ్ కేబుల్ నుంచి ఇళ్లలో రికార్డు చేసుకున్న డిస్కులకు దాదాపుగా తాళాలు లేవు. వాటికి ఉన్న ముప్పు కాలంతోనే. రికార్డు చేసే డిస్కులో సమాచారం ఒక రసాయన రంగు పొరపై నిలుస్తుంది. ఎండ, ఉక్క, తేమ ఆ పొరను క్రమంగా దెబ్బతీస్తాయి. గోదావరి తీరంలో తేమకు కొదవ లేదు. వరద ఏడాదుల్లో అల్మరాల్లోకి నీరు చేరిన ఇళ్లూ ఉన్నాయి. డిస్కుపై అంటించిన కాగితపు చీటీ, గట్టిగా ఒత్తి రాసిన బాల్‌పెన్ను సైతం చేటు చేస్తాయి. అడుగుభాగం రంగు మారినా, ఆడేటప్పుడు బొమ్మ గడులు గడులుగా విడిపోతున్నా ఆలస్యం చేయరాదు.

కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్కు డ్రైవ్ ఉండటం లేదు కనుక యూఎస్‌బీతో తగిలించే డ్రైవ్ కొనుక్కోవాలి, లేదా పాత కంప్యూటర్ ఉన్నవారి సాయం తీసుకోవాలి. డిస్కును మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు. లోపలి ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లుగా హార్డ్‌డిస్కుకు మార్చి, మరో ప్రతిని వేరే ఇంట్లో, వీలైతే వేరే ఊళ్లో ఉంచాలి. ఏ తేదీ ప్రసారం, ఏ ఛానల్, తెరపై ఉన్నది ఎవరు అనేది వెంట ఒక కాగితంపై రాసి పెట్టాలి. పేర్లు చెప్పగల పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని సాధ్యం.

2027 పుష్కరాలను రికార్డు చేయదలచినవారు మాత్రం ముందే ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి. తమ పెట్టెలో ఐదు నిమిషాల వార్తలు రికార్డు చేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను పక్కింటి టీవీలోనో, కంప్యూటర్‌లోనో పెట్టి చూడాలి. కంప్యూటర్ ఫార్మాట్ మాట ఎత్తితే డ్రైవ్‌ను వెంటనే తీసేయాలి. బొమ్మ వస్తే నిశ్చింత. రాకపోతే ఏవీ తీగ ద్వారా రికార్డు చేసే చిన్న యంత్రమో, ఫ్రీ డిష్ పెట్టెో సమకూర్చుకునేందుకు వ్యవధి ఉంటుంది. ఏదీ కుదరని ఇంట్లో మిగిలేది టీవీ తెరకు ఎదురుగా నిలబెట్టిన సెల్‌ఫోనే. గీతలు పడతాయి, పక్కన కుక్కర్ కూత కూడా రికార్డవుతుంది. నాయనమ్మ మాత్రం గుర్తుపట్టేలా కనిపిస్తుంది.